పొద్దున్నే పిడికిలి బిగియకపోతే ఏమనుకోవాలి?

కీళ్ల నొప్పి అనగానే మన ఇళ్లలో జవాబు సిద్ధంగా ఉంటుంది. యాభై దాటినవాళ్లకైతే వయసంటారు. ముప్ఫైల్లో ఉన్నవాళ్లకైతే కాల్షియం తక్కువైందంటారు. కాన్పయి ఆర్నెల్లు కానివాళ్లకైతే పథ్యం సరిగ్గా చెయ్యలేదంటారు. ఈ మాటలు వింటూ, ఆయింట్‌మెంటు రాసుకుంటూ, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు మింగుతూ ఏడాది గడిపేశాక, తమది రుమటాయిడ్ ఆర్థరైటిస్ అని తెలుసుకునే ఆడవాళ్లు ఎంతోమంది. ఆ పాటికి ఎక్స్‌రేలో ఎముక అంచులు తినేసి కనిపిస్తుంటాయి. అలా పోయిన ఎముకను ఏ మందూ వెనక్కి తేలేదు. మొదటి నెలల్లోనే పోల్చుకుని మందు మొదలుపెట్టి ఉంటే ఆ నష్టంలో చాలాభాగం ఆగేది.

నొప్పి ఎంత ఉందన్నదాన్ని బట్టి ఈ జబ్బును పట్టుకోలేం. అరిగిన మోకాలు ఇంతకంటే ఎక్కువ బాధ పెట్టొచ్చు. యూరిక్ యాసిడ్ కీలులో పేరుకుని వచ్చే గౌట్ అయితే అర్ధరాత్రి నిద్రలేపి ఏడిపిస్తుంది. చూడాల్సింది నొప్పి తీరు. ఏ కీళ్లలో వస్తోంది, రోజులో ఏ వేళకు ఎక్కువవుతోంది, వాపు ఉందా, మొదలై ఎన్ని వారాలైంది అన్న నాలుగు సంగతులూ ఇంట్లో కూర్చునే గమనించుకోవచ్చు. రక్తపరీక్షల కంటే ముందు డాక్టరుకు కావలసినవీ ఇవే.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో 2019 నాటికి ఈ జబ్బుతో బతుకుతున్నవారు సుమారు 1 కోటి 80 లక్షలు. వాళ్లలో 70 శాతం మంది స్త్రీలు. ఏ వయసులోనైనా రావచ్చుగానీ ఎక్కువమందికి 30 నుంచి 60 ఏళ్ల మధ్యలో మొదలవుతుంది. అంటే ఇంటి పనీ, బయటి పనీ, పిల్లల చదువులూ అన్నీ మీద ఉన్న వయసు. తన నొప్పిని తానే వెనక్కి నెట్టేసుకునే వయసు కూడా అదే.

లోపల జరుగుతున్నది అరుగుదల కాదు

ప్రతి కీలుకీ లోపలివైపు పల్చటి పొర ఒకటి ఉంటుంది. దాన్ని సైనోవియం అంటారు. కీలు సాఫీగా కదలడానికి కావలసిన జిగురు ద్రవం దాన్నుంచే ఊరుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థ పొరబడి ఆ పొర మీదే దాడి చేస్తుంది. పొర వాచి, మందమై, పెరుగుతూ పోయి పక్కనున్న మృదులాస్థిని, ఆ తర్వాత ఎముకను తినెయ్యడం మొదలుపెడుతుంది. కీలును పట్టి ఉంచే స్నాయువులు సాగిపోతాయి. చిటికెన వేలి వైపుకి వేళ్లన్నీ వాలిపోవడం, వేళ్లు వంకరలు తిరగడం ఇవన్నీ ఆ చివరి దశ గుర్తులు. ఇంటర్నెట్‌లో ఈ జబ్బు పేరు కొట్టగానే వచ్చే ఫొటోలు దాదాపు అన్నీ అలాంటి చేతులవే. వాటిని చూసి, నా వేళ్లు బాగానే ఉన్నాయి కాబట్టి నాకు లేదు అనుకోవడం చాలా ప్రమాదం. మొదటి నెలల్లో వేళ్లు తిన్నగానే ఉంటాయి.

ఇది ఎందుకు వస్తుందన్నదానికి ఒక్క కారణం లేదు. హెచ్ఎల్ఏ-డీఆర్‌బీ1 అనే జన్యువులో కొన్ని రకాలు ఉన్నవారికి అవకాశం ఎక్కువ. పొగతాగడం ఆ అవకాశాన్ని ఇంకా పెంచుతుంది. చిగుళ్ల జబ్బుకీ దీనికీ సంబంధం కనిపించింది. కొందరి రక్తంలో ఈ జబ్బు తాలూకు యాంటీబాడీలు, అంటే సొంత ఒంటి మీదే తిరగబడే ప్రతిరక్షకాలు, తొలి నొప్పికి ఏళ్ల ముందే తయారై ఉంటాయి. కాబట్టి వంకాయ తిన్నందుకో, చల్లనీళ్లలో చేతులు పెట్టినందుకో వచ్చిందని ఎవరూ తమను తాము నిందించుకోనక్కర్లేదు.

పొద్దుటి బిగువు

డాక్టర్లు అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్న ఇది: లేచాక చేతులు మామూలుగా స్వాధీనంలోకి రావడానికి ఎంతసేపు పడుతోంది? అరిగిన కీళ్లవాళ్లు పది పదిహేను నిమిషాలంటారు, నాలుగడుగులు వేస్తే సర్దుకుంటుందంటారు. రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో ఆ బిగువు అరగంట దాటుతుంది, తరచు గంటా రెండు గంటలుంటుంది. తెల్లవారుజామున ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు పుట్టించే రసాయనాలు రక్తంలో ఎక్కువవుతాయి. రాత్రంతా కదలిక లేకపోవడంతో వాచిన పొరలో నీరు కూడా నిలుస్తుంది. అందుకే ఆ వేళకు అంత బిగువు. మధ్యాహ్నం కునుకు తీసి లేచినప్పుడో, బస్సులో చాలాసేపు కూర్చుని దిగినప్పుడో మళ్లీ కాస్త తలెత్తుతుంది.

అరుగుదల నొప్పికీ దీనికీ ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉంది. అరిగిన కీలుకు పనిచేసేకొద్దీ నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. వాచిన కీలుకు విశ్రాంతి తర్వాతే ఎక్కువ, కదిలిస్తుంటే కొంత నయం.

నేరుగా అడిగితే చాలామంది బిగువేమీ లేదనే చెబుతారు, నొప్పి అనే అంటారు. వాళ్లను పనుల గురించి అడగాలి. పొద్దున్నే పాల ప్యాకెట్ చించగలుగుతున్నారా? కుళాయి తిప్పగలుగుతున్నారా? జాకెట్ హుక్కులు పెట్టుకోవడానికి, జడ వేసుకోవడానికి ఎవరినైనా పిలుస్తున్నారా? బట్టలు పిండలేక అలాగే ఆరేస్తున్నారా? ఉంగరం, గాజులు బిగుతయ్యాయని తీసి పక్కన పెట్టారా? స్కూటర్ బ్రేకు పట్టడానికి వేళ్లు సహకరిస్తున్నాయా? వేన్నీళ్లలో చేతులు పెడితే ప్రాణం లేచొచ్చినట్టుంటోందా? ఈ ప్రశ్నలకు వరసగా జవాబులు వస్తుంటే, అప్పటిదాకా పక్కనే ఉన్న భర్తకో కూతురికో కూడా సంగతి అర్థమవుతుంది.

చెయ్యి చాచి చూసుకోండి

పిడికిలి బిగించినప్పుడు పైకి తేలే గుబ్బలున్నాయే, అవి వేళ్ల మొదటి కీళ్లు. తర్వాతవి వేళ్ల నడిమి కణుపులు. ఆఖరున గోటికి దగ్గరగా ఉండేవి చివరి కణుపులు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ మొదటి రెండు వరసలనీ, మణికట్టునీ పట్టుకుంటుంది. చివరి కణుపులను దాదాపు వదిలేస్తుంది. వయసుతో వచ్చే అరుగుదల సరిగ్గా తిరగేసి చేస్తుంది. చివరి కణుపుల దగ్గరా, బొటనవేలి మొదట్లోనూ గట్టి బొడిపెలు తెస్తుంది. మీ అమ్మగారి వేళ్ల చివర బొడిపెలుంటే భయపడాల్సిన పని చాలావరకు లేదు. ముప్ఫై ఐదేళ్ల మీ చెల్లెలి చేతి గుబ్బల మధ్య పల్లాలు పూడిపోయి, చెయ్యి వెనక భాగం ఉబ్బి కనిపిస్తే మాత్రం ఆలోచించాలి.

వాపును వేలితో తడిమి చూస్తే తేడా తెలుస్తుంది. అరుగుదల బొడిపె ఎముకలా గట్టిగా ఉంటుంది. ఈ వాపు మెత్తగా, లోపల నీరున్నట్టు అణుగుతుంది, తాకితే వెచ్చగా కూడా అనిపించవచ్చు. రెండు వైపుల నుంచీ చేతి గుబ్బలను కలిపి సున్నితంగా నొక్కినప్పుడు ప్రాణం విలవిల్లాడితే అది ముఖ్యమైన గుర్తు. డాక్టర్లు గదిలో చేసే పరీక్ష కూడా ఇదే. కరచాలనం చెయ్యాలంటే భయమేస్తోందని కొందరు చెప్పేది అందుకే.

పాదాలను మరిచిపోవద్దు. కొందరికి మొదటి వాపు అక్కడే వస్తుంది, బూట్లలోనో చెప్పుల్లోనో ఎవరి కంటా పడదు. పాదం ముందు భాగంలో, కాలివేళ్లు మొదలయ్యే చోట నొప్పి. పొద్దున్నే మంచం దిగితే గచ్చు మీద కాదు, గులకరాళ్ల మీద నడుస్తున్నట్టు ఉంటుందని చాలామంది చెబుతారు. పక్కపక్కనున్న రెండు కాలివేళ్ల మధ్య కొత్తగా సందు ఏర్పడొచ్చు. మడమ కింద పోటు అయితే అది ఎక్కువసార్లు వేరే సమస్య, దానికీ దీనికీ ముడిపెట్టకూడదు.

జబ్బు ఎక్కువమందిలో రెండు వైపులా వస్తుంది. కుడి మణికట్టు వాస్తే తరచు కొన్ని వారాల్లో ఎడమదీ వాస్తుంది. అయితే వేలికి వేలు సరిపోవాలని లేదు, మొదటి వారాల్లో ఒకవైపే ఉండొచ్చు. మోకాళ్లు, చీలమండలు, మోచేతులు, భుజాలు కూడా చేరతాయి. నడుం నొప్పి మాత్రం దీని లక్షణం కాదు. పాతికేళ్ల కుర్రాడు తెల్లవారుజామున నడుం బిగుసుకుపోయి లేస్తున్నాడంటే అది వెన్నెముకను పట్టే యాంకైలోజింగ్ స్పాండిలైటిస్ అనే వేరే వాపు జబ్బు కావచ్చు, దానికి దారి వేరు.

అందరికీ ఒకేలా మొదలవ్వదు

కొందరికి ఒక్క మోకాలే వాచి నెలల తరబడి ఉంటుంది. కొందరికి వాపు రెండు రోజులు ఒక కీలులో ఉండి పూర్తిగా మాయమై, పదిరోజుల తర్వాత ఇంకో కీలులో తేలుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి చెయ్యి మామూలుగా ఉంటుంది, చెప్పింది ఎవరూ నమ్మరు. అరవై దాటినవారిలో రెండు భుజాలూ ఒక్కసారిగా పట్టేసినట్టు మొదలవ్వచ్చు. మణికట్టులో వాచిన పొర నరాన్ని నొక్కడంతో, రాత్రిళ్లు బొటనవేలు, చూపుడువేలు తిమ్మిరెక్కడమే తొలి గుర్తుగా వచ్చినవారున్నారు.

కాన్పు తర్వాతి నెలల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. గర్భంతో ఉన్నప్పుడు చాలామందిలో ఈ జబ్బు నెమ్మదిస్తుంది, కాన్పు తర్వాత తిరగబెడుతుంది. కొత్తగా మొదలవడానికి కూడా ఆ నెలలు అనువైన కాలం. బిడ్డను ఎత్తుకోలేకపోతున్నా, డైపర్ అతుకులు ఊడదీయలేకపోతున్నా అని బాలింత అంటే, పెద్దవాళ్లు దాన్ని నీరసం కింద కొట్టేయకూడదు. వాచిన మణికట్టు వాచిన మణికట్టే.

పేరులో కీళ్లే ఉన్నా ఇది ఒళ్లంతటి జబ్బు. విడవని అలసట, సాయంత్రాలు కొద్దిపాటి జ్వరం, ఆకలి మందగించడం, బరువు తగ్గడం కీళ్ల కంటే ముందే రావచ్చు. ఐరన్ మాత్రలు ఎన్ని వాడినా హిమోగ్లోబిన్ పెరగకపోవడానికి కారణం లోపల రగులుతున్న ఈ వాపే కావచ్చు. కళ్లు ఇసుక పడ్డట్టు పొడిబారతాయి, నోరు ఎండుతుంది. మోచేతి వెనక నొప్పిలేని గడ్డలు రావచ్చు. ఊపిరితిత్తులు దెబ్బతింటే పొడిదగ్గు, మెట్లెక్కితే ఆయాసం. వాపు ఏళ్ల తరబడి అదుపులో లేనివారికి గుండెజబ్బు ప్రమాదమూ పెరుగుతుంది.

చికున్‌గున్యా చేసే గందరగోళం

మన ప్రాంతంలో ఈ జబ్బును తికమక పెట్టేవాటిలో మొదటిది చికున్‌గున్యా. 2005 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో బయటపడి, 2006లో దేశమంతా వ్యాపించినప్పుడు సుమారు 13.9 లక్షల అనుమానిత కేసులు నమోదయ్యాయి. అప్పటినుంచి వానాకాలం తర్వాత అది మళ్లీ మళ్లీ వస్తూనే ఉంది. జ్వరం వారంలో పోతుంది, నొప్పులు వెంటనే పోవు. మణికట్లు, వేళ్లు, చీలమండలు రెండు వైపులా వాస్తాయి, పొద్దున్నే బిగుసుకుంటాయి. అచ్చం రుమటాయిడ్ ఆర్థరైటిసే అనిపిస్తుంది. వైరస్ వల్ల, రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు చేసే ఆర్‌ఎఫ్ రక్తపరీక్ష కొన్నాళ్లు పాజిటివ్ కూడా రావచ్చు.

తేడా పట్టడానికి రెండు దారులున్నాయి. మొదటిది ఆరంభం. చికున్‌గున్యా పెద్ద జ్వరంతో ఒక్క రోజులో కూలదోస్తుంది, ఆ తేదీ ఎవరికైనా గుర్తుంటుంది, ఇంట్లోనో వీధిలోనో ఇంకొందరికి వచ్చి ఉంటుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఎక్కువమందిలో వారాల మీద మెల్లగా పాకుతుంది. రెండోది కాలం. వైరస్ వాపులు చాలావరకు కొన్ని వారాల్లో తగ్గుముఖం పడతాయి. ఆరు వారాల తర్వాతా వాపు నిలిచి ఉంటే పరీక్ష చేయించుకోవాల్సిందే. మూడు నెలలు దాటాక కూడా, చికున్‌గున్యా నొప్పులు ఏడాది ఉంటాయట అని ఎదురుచూడటం తప్పు. ఆ జ్వరం వచ్చినవారికి రుమటాయిడ్ ఆర్థరైటిస్ రాకూడదన్న నియమం లేదు.

మిగతావాటిని క్లుప్తంగా చెబుతాను. గౌట్ ఎక్కువగా మగవాళ్లలో, కాలి బొటనవేలి మొదట్లో, రాత్రికి రాత్రి ఎర్రగా వాచి వస్తుంది. నెలసరి ఇంకా ఆగని స్త్రీలలో అది చాలా అరుదు. తలలోనో మోచేతుల మీదో పొలుసులు రాలే సోరియాసిస్ ఉంటే దాని తాలూకు కీళ్లవాపు వేరే ఉంది, అది చివరి కణుపులనూ పట్టుకుంటుంది. ముఖం మీద దద్దురు, జుట్టు రాలడం, నోటి పుండ్లు తోడైతే రోగనిరోధక వ్యవస్థ పొరబడే మరో జబ్బు లూపస్ కోసం చూడాలి. వాపు ఏమీ లేకుండా ఒళ్లంతా నొప్పులుంటే థైరాయిడ్, విటమిన్ డి చూపించుకోవడం మంచిది.

రిపోర్టు చెప్పేదెంత, చెప్పనిదెంత

మన ఊళ్లలో ల్యాబులు ఆర్థరైటిస్ ప్రొఫైల్ పేరుతో ఒక కట్ట పరీక్షలు చేస్తాయి. కాగితం మీద ఒక అంకె లావు అక్షరాల్లో కనిపిస్తే ఇంటిల్లిపాదీ బెదిరిపోతారు, ఏదీ లావుగా లేకపోతే జబ్బే లేదని ఊరట పడతారు. రెండూ పొరపాటే.

ఆర్‌ఎఫ్, అంటే రుమటాయిడ్ ఫ్యాక్టర్ అనే యాంటీబాడీ, ఈ జబ్బు ఉన్నవారిలో నూటికి 70 మందిలో కనిపిస్తుంది. మిగతా 30 మంది మాటేమిటి? అలాగే ఏ జబ్బూ లేనివారిలో కొందరికి, ముఖ్యంగా వయసు పైబడినవారికి, హెపటైటిస్-సి, క్షయ ఉన్నవారికీ అది పాజిటివ్ వస్తుంది. ఇంకో యాంటీబాడీని చూసే యాంటీ సీసీపీ పరీక్ష ఇంతకంటే నమ్మదగింది. అది పాజిటివ్ అయితే జబ్బు ఉండే అవకాశం బాగా ఎక్కువ, నెగెటివ్ అయితే మాత్రం జబ్బు లేదని రుజువైనట్టు కాదు. ఈఎస్ఆర్, సీఆర్‌పీ ఒంట్లో వాపు ఉందని చెబుతాయి, ఎందువల్లో చెప్పవు. మొదటి నెలల్లో ఎక్స్‌రే శుభ్రంగా ఉంటుంది. అనుమానం ఉంటే అల్ట్రాసౌండ్‌లో వాచిన పొర కనిపిస్తుంది.

ఆ కట్టలో తరచు ఉండే ఏఎస్ఓ పరీక్షకు పెద్దవాళ్ల కీళ్లనొప్పుల్లో దాదాపు ఏ పాత్రా లేదు. గొంతులో స్ట్రెప్టోకాకస్ ఇన్‌ఫెక్షన్ వచ్చి వెళ్లిందని మాత్రమే అది చెబుతుంది. పిల్లల్లో వచ్చే రుమాటిక్ ఫీవర్‌కు పనికొచ్చే పరీక్ష అది. ఆ అంకె ఎక్కువుందని నలభై ఏళ్ల మనిషికి మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్లు చేయిస్తూ, అసలు జబ్బుకు మందివ్వకుండా నెలలు పోగొట్టడం నన్ను బాగా బాధపెట్టే విషయం. యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువున్న ప్రతివారికీ గౌట్ ఉందనుకోవడం కూడా ఇలాంటిదే.

2010లో అమెరికా, ఐరోపా రుమటాలజీ సంఘాలు కలిసి తెచ్చిన కొలమానం చూస్తే సంగతి తేటపడుతుంది. మొత్తం 10 మార్కులు, 6 వస్తే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌గా లెక్కిస్తారు. కీళ్ల సంఖ్యకే 5 దాకా ఉన్నాయి, చిన్న కీళ్లు ఎన్ని ఎక్కువ చేరితే అన్ని ఎక్కువ. ఆర్‌ఎఫ్, యాంటీ సీసీపీలకు కలిపి 3. ఈఎస్ఆర్ లేదా సీఆర్‌పీ పెరిగితే 1. ఆరు వారాలు దాటితే 1. అసలు ఈ లెక్క మొదలుపెట్టాలంటేనే కనీసం ఒక కీలులోనైనా డాక్టరు కంటికీ చేతికీ వాపు తెలియాలి, దానికి వేరే కారణం ఉండకూడదు. కాబట్టి ఏ కీలూ వాయకుండా ఆర్‌ఎఫ్ ఒక్కటీ పాజిటివ్ ఉన్నవారికి ఈ జబ్బు అంటగట్టలేం. రెండు యాంటీబాడీలూ నెగెటివ్ అయినా, చిన్న కీళ్లు కలుపుకుని పదికి పైగా కీళ్లతో, ఆరు వారాలు దాటినవారు 6 మార్కులు చేరుకుంటారు.

తొందర ఎందుకు

మొదటి మూడు నుంచి ఆరు నెలల్లో సరైన మందు మొదలైతే జబ్బు పూర్తిగా అణిగే అవకాశం బాగా ఎక్కువ. ఆ నెలలను మన దగ్గర ఎక్కువగా మింగేస్తున్నది స్టెరాయిడ్. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో డాక్టర్ ఫిలిప్ హెంచ్ ఈ రోగులకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు, మంచాన పడ్డవాళ్లు కొద్ది రోజుల్లో లేచి నడిచారు. 1950లో దానికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ వెంటనే దుష్ఫలితాలూ తెలిసొచ్చాయి. డాక్టరు పర్యవేక్షణలో తక్కువ మోతాదులో, కొద్దికాలం వాడితే స్టెరాయిడ్ మంచి మందే. ఊళ్లో సూదిమందుగానో, పేరులేని పొట్లాల్లో చూర్ణంగానో తెలియకుండా ఒంట్లోకి వెళితే వాపు తగ్గుతుంది, ఈఎస్ఆర్ తగ్గుతుంది, జబ్బు ఆనవాళ్లు చెరిగిపోతాయి. ఎముక లోపల దెబ్బతింటూనే ఉంటుంది. నాలుగు రోజుల్లో అద్భుతంగా పనిచేసిన పొట్లం ఏదైనా వాడి ఉంటే దాచకుండా డాక్టరుకు చెప్పండి, ఒక్కసారిగా మానేయకండి. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్‌ను హఠాత్తుగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు.

ఈ జబ్బుకు వెన్నెముకలాంటి మందు మెథోట్రెక్సేట్. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నేతృత్వంలో 1940లలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో జరిగిన ఫోలిక్ యాసిడ్ పరిశోధనల్లోంచి వచ్చిందది. మొదట క్యాన్సర్‌కు వాడారు. 1988లో అమెరికాలో రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు అనుమతి దొరికింది. షాపులో ఎవరో క్యాన్సర్ మందని చెప్పారని భయపడి మానేసేవారున్నారు. కీళ్లకు వాడే మోతాదు క్యాన్సర్ మోతాదుతో పోలిస్తే చాలా చిన్నది. అయితే ఒక్క జాగ్రత్త తప్పనిసరి. అది వారానికి ఒక్కరోజు వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. గర్భం ధరించాలనుకునేవారు ముందే డాక్టరుకు చెప్పి దాన్ని మార్పించుకోవాలి. గుణం తెలియడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది, మధ్యమధ్య రక్తపరీక్షలు చేయించాలి.

చూపించుకోవాల్సింది రుమటాలజిస్టుకు, అంటే కీళ్లవాపు జబ్బుల నిపుణుడికి. హైదరాబాద్ నిమ్స్ వంటి పెద్ద ఆసుపత్రుల్లో ఇందుకు ప్రత్యేక విభాగముంది. దగ్గర్లో లేకపోతే జనరల్ ఫిజీషియన్‌తో మొదలుపెట్టవచ్చు. కొన్ని పరిస్థితుల్లో మాత్రం అపాయింట్‌మెంటు కోసం ఆగకూడదు. ఒక్క కీలు ఎర్రగా కాలిపోతూ చలిజ్వరం వస్తే అది కీలులో చీము కావచ్చు, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కన్ను ఎర్రబడి లోతుగా నొప్పి పెట్టినా, జబ్బు పాతబడ్డాక మెడనొప్పితో పాటు చేతులు తిమ్మిరెక్కి పట్టు తప్పుతున్నా అంతే.

వెళ్లేటప్పుడు వాడిన మందుల చీటీలన్నీ తీసుకెళ్లండి. నొప్పి మొదలైన నెల, చేరిన కీళ్ల వరస, పొద్దుటి బిగువు ఎంతసేపుంటుందో ఒక కాగితం మీద రాసుకోండి. వాపు ఉన్న రోజున ఫోన్లో ఫొటోలు తీసి పెట్టుకోండి. రెండు చేతుల వెనక భాగాలూ ఒకే ఫొటోలో పక్కపక్కన పడాలి, లేచిన అరగంటలోపే తియ్యాలి. సాయంత్రం మీ నంబరు పిలిచేసరికి ఆ వాపు తగ్గిపోయి ఉండొచ్చు.